అప్పలనర్సయ్య బాబాయి చెక్కిన రైఫిల్

ముసురు పట్టిన ఆదివారం పొద్దున రైఫిల్ పెట్టె మూత తీస్తే ముందుగా వచ్చేది అవిసె నూనె వాసన. ఇనుము, పాత గుడ్డ, తుపాకీ నూనె అన్నీ ఆ తర్వాతే. మా ఆయన వంటింట్లోంచే "మొదలెట్టావా?" అంటారు. వాసన అక్కడిదాకా పోతుంది మరి. ఆ కాసేపు నాకు నలభై దాటిన సంగతి గుర్తుండదు. రాయ్‌పూర్‌లో రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, మా క్వార్టర్ వరండాలో, పొగమంచులో ఒక కర్ర భుజానికి ఆనించుకుని నిలబడి ఉంటాను. ఎదురు వరండాలో అప్పలనర్సయ్య బాబాయి గ్లాసులో టీ ఊదుకుంటూ నన్నే చూస్తూ ఉంటాడు.

బాబాయి అన్నానని చుట్టం అనుకోకండి. వ్యాగన్ వర్క్‌షాప్‌లో ఆయన కార్పెంటరు, మా నాన్న ఫిట్టరు. ఆయనది బొబ్బిలి పక్క పల్లె, మాది పార్వతీపురం. ఊరు కాని ఊళ్ళో ఆ మాత్రం దగ్గరితనం చాలు, వరసలు వాటంతటవే కలిసిపోతాయి. గుమ్మం లోపల తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరల సంతలో ఛత్తీస్‌గఢీ, ఇలా రోజుకు మూడు నోళ్ళతో బతికేవాళ్ళం. బాబాయి మాత్రం ఎక్కడికెళ్ళినా ఒకటే నోరు. టాల్‌లో, అంటే కలప అడితిలో, బేరం కూడా బొబ్బిలి యాసలోనే చేసేవాడు, వాళ్ళకీ అర్థమైపోయేది. జన్మలో తుపాకీ పేల్చలేదు. ఒకసారి షూటింగ్ క్లబ్బు వాళ్ళు పేల్చి చూడమంటే "వద్దు బాబూ, సెవులు గింగురుమంటాయి" అని దణ్ణం పెట్టేశాడు. నాకు తుపాకీ పట్టుకోవడం నేర్పింది మాత్రం ఆయనే.

కాలేజీలో ఎన్.సి.సి.లో మొదటిసారి పాయింట్ టూ టూ రైఫిల్ ముట్టుకున్నాను. చిటికెన వేలి గోరంత గుండు. యాభై మీటర్ల దూరంలో కాగితం మీద నల్లటి చుక్క. నేలమీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి కాల్చినప్పుడు లోకమంతా ఆ చుక్కలోకి ముడుచుకుపోయింది. అంత నిశ్శబ్దం మా ఇరుకు క్వార్టర్లో నాకెప్పుడూ దొరకలేదు. ఆ మత్తు ఇక వదల్లేదు. చదువు అయ్యాక ఊళ్ళోని షూటింగ్ క్లబ్బులో చేరాను. అక్కడి పాత రైఫిల్‌కి మేం ఎనిమిది మందిమి. నా వంతు వచ్చేసరికి అన్ని మరలూ వేరేవాళ్ళ కొలతకు తిప్పి ఉండేవి. పైగా కాసేపు చూసేసరికి నాకు కుడి కంట్లో నీళ్ళు తిరిగి చుక్క కరిగిపోయేది. అందరికీ అంతే కాబోలనుకున్నాను. రాష్ట్రం జట్టు ఎంపికలో రెండుసార్లు ఒక్క స్థానం తేడాతో తప్పిపోయాను. సొంత రైఫిల్ ఉంటే నిలబడతానని మనసులో పడిపోయింది. ఇరవై మూడేళ్ళ వయసులో నాకున్న కోరిక అదొక్కటే.

ధర్సీవాలో ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం వచ్చాక జీతంలో సగం పక్కన పెట్టడం మొదలెట్టాను. కొత్త చెప్పులు లేవు, సినిమాలు లేవు. నాన్న చూసి చూసి ఒకరోజు కేకలేశాడు. "ఆ డబ్బుతో గొలుసు చేయించుకోవే! రేపొద్దున పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళకి తుపాకీ చూపిస్తావా?"

"చూపిస్తే తొందరగా ఒప్పుకుంటారు నాన్నా" అన్నాను.

ఎదురు వరండాలో బాబాయికి టీ పొలమారింది. నాన్న అటువైపు కొరకొరా చూశాడు. బాబాయి మూతి తుడుచుకుని, "అన్నా, గుంట జీతం, గుంట సరదా. ఆ గొలుసేదో దాని మొగుడు సేయిస్తాడులే" అన్నాడు. నాన్న మరి మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని కాదు, ఆయన అలిగితే మాట్లాడడు.

కొనడం కంటే ముందు లైసెన్సు. విచారణకు పోలీసు కానిస్టేబుల్ కాలనీకి వచ్చేసరికి వీధి వీధంతా తలుపుల్లో నిలబడింది. నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఒక్కతే ఉంది. "బందూక్ కిస్‌లియే చాహియే?" అని, తుపాకీ ఎందుకో ఆయన అడిగితే, మా అమ్మ కొంగు కప్పుకుని, "కాగజ్ మార్‌నే కేలియే, సాహెబ్" అందట. కాగితాన్ని చంపడానికట! ఆయన నవ్వుతూ రాసుకుని పోయాడు. కాగితాన్ని చంపేందుకు అనుమతి రావడానికి ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలల్లోనే బాబాయి నాకు కర్ర రైఫిల్ చేసి ఇచ్చాడు. పాత మంచం పట్టెను చెక్కి, కడుపులో ఇనుప చువ్వ దూర్చి, బరువు సమంగా తెచ్చాడు. "ఒలే గుంటా, కొట్లో ఐదు నిమిషాలు పట్టుకు సూస్తే ఏటి తెలుస్తాది? ముందు దీన్ని రోజూ ఎత్తు. నీ ఒళ్ళు ఏటడుగుతాదో నాను సూస్తాను. అప్పుడెల్దాం కొనడానికి" అన్నాడు. అలా రోజూ పొద్దున్నే, తిల్దా వైపు వెళ్ళే పాసింజరు కూత పెట్టే వేళకి, నేను వరండాలో ఆ కర్ర ఎత్తిపట్టుకునేదాన్ని. చలికాలం. మంచులో ఎదురింటి గోడ కూడా కనిపించేది కాదు. బాబాయి బీడీ నిప్పు ఒక్కటే ఎర్రగా కనిపించేది. దాన్నే గురి చేసుకునేదాన్ని. చేతులు నొప్పి పుట్టి, ఆ నొప్పి కూడా పోయి, కర్ర నా ఎముకల్లో ఒకటైపోయినట్టుండేది. ఎన్ని పొద్దులు అలా గడిచాయో! ఇప్పటికీ నాకు కలలో వచ్చేది పోటీలు కావు, ఆ వరండాయే.

నా తల ఎప్పుడూ కర్ర మీదుగా అవతలికి వాలిపోయేది. మంచు విడాక ఇటు వచ్చినప్పుడు బాబాయి అది గమనించాడు. "మెడ పొడుగే నీది" అని చెంప ఆనేచోట కాస్త చెక్కాడు. మర్నాడు తల ఇంకాస్త వాలింది. ఇంకాస్త చెక్కాడు. వారం వారం ఆయన చెక్కడం, నేను వాలడం.

భిలాయిలో ఒక డాక్టరమ్మ మెడనొప్పి వల్ల ఆట మానేసి తన రైఫిళ్ళు అమ్ముతోందని క్లబ్బులో తెలిసింది. లైసెన్సు చేతికి రాగానే నేనూ బాబాయీ వెళ్ళాం. రెండున్నాయి. ఒకటి కొత్తది, ఎక్కడికక్కడ మరలు తిప్పి పొడుగు, ఎత్తు సరిచేసుకునే అల్యూమినియం ఒంటిది. రెండోది పాతది, చెక్క ఒంటిది. కొత్తదాన్ని చూసి నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. ధర విన్నాక ఆనాయి. బాబాయి పాతదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒంటిమీద అరచెయ్యి నిదానంగా నడిపించాడు. "గొట్టం మంచిదేనా అమ్మా?" అని డాక్టరమ్మని అడిగాడు. మంచిదేనంది. "అయితే ఇదే. కర్ర సంగతి నాను సూసుకుంటాను" అన్నాడు. రెండున్నరేళ్ళు దాచిన డబ్బంతా ఆవిడ బల్లమీద పెట్టి వచ్చాను. రైల్లో పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంటే బాబాయి నాకంటే ఎక్కువ మురిసిపోయాడు.

ఇంటికొచ్చాక మంచంపట్టె కొలతలు తీసి ఆ రైఫిల్ చెక్కనూ అలాగే చెక్కాడు. చెంప దగ్గర బాగా లోతుగా. నా ఒంటికి అద్దినట్టుగా ఉంది. తీరా రేంజికి వెళ్ళి కాలిస్తే క్లబ్బు రైఫిల్‌తో వచ్చిన పాయింట్లు కూడా రాలేదు. మొదటి వారం కొత్త కదా అనుకున్నాను. రెండో వారం నా మీద నాకు అసహ్యం వేసింది. ఎంపిక పోటీ ఆరు వారాల్లోకి వచ్చింది. అమ్మేద్దామంటే నా కోసం అంత చెక్కేసిన రైఫిల్ ఇంకెవరికి పనికొస్తుంది? నాన్న "చెప్పానా" అనలేదు. అని ఉంటే బాగుండేది. పెట్టె వైపు ఒకసారి చూసి బయటకు వెళ్ళిపోయాడు, అంతే.

ఆ సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని ఏడ్చేశాను. ఓదార్చడం ఆయనకు చేతకాదు. పొరుగింటి వాళ్ళ స్టూలు బాగు చేస్తున్నాడు. "ఏడుపాపి ఈ పట్టీ వంకరుందేటో సూడు" అని ఒక చెక్క నా చేతికిచ్చాడు. వడ్రంగివాళ్ళు చెక్క అంచుని కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, కొసదాకా చూస్తారు కదా, వాళ్ళని చూసి చూసి నాకూ అలవాటే. ముక్కు ఎగబీల్చి, చెక్క ఎత్తి చూశాను. "కొసని కాస్త వంగింది బాబాయ్" అన్నాను.

తలెత్తితే బాబాయి ఉలి కిందపెట్టి నా మొహంలోకే చూస్తున్నాడు.

"మళ్ళీ సూడు" అన్నాడు. చూశాను. "ఇంకోపాలి." చూశాను.

మూడుసార్లూ నేను కుడికన్ను మూశాను. ఎడమ కంటితో చూశాను.

ఆయన లేచి తిన్నగా మా ఇంట్లోకి వచ్చాడు. "వదినా, ఈ గుంటది పుర్రసెయ్యా?" అని అమ్మని అడిగాడు. అమ్మ బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది. "సిన్నప్పుడు పుర్రసెయ్యే. అన్నం కూడా ఆ సేత్తోనే తినీది. ఊరుకుంటామేటి? సేతికి గుడ్డ కట్టేవోళ్ళం. నాలుగేళ్ళొచ్చీసరికి మారిపోనాది" అంది. నాకు ఆ సంగతే తెలియదు. చెయ్యి మారింది కానీ కన్ను మారలేదన్నమాట. క్లబ్బులో ఎడమ కంటికి అట్టముక్క అడ్డం పెట్టి, నాది కాని కంటితో ఇన్నాళ్ళూ కొట్టించారు. కుడి భుజం మీద కర్ర ఆనించి, ఎడమ కన్నుని దాని వెనక్కి తీసుకురావడానికే నా తల పాపం రోజూ అవతలికి వాలింది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాకేటి తెలుసు, అన్నం సెయ్యి గదా అని" అని ఎన్నిసార్లు అందో.

"నువ్వేటి సేసినావు వదినా, తప్పు నాది" అన్నాడు బాబాయి. "దీని తల రోజూ నాకు సెప్తానే ఉంది. నాను కర్ర సెక్కుకుంటా కూసున్నాను."

ఎడమ చేతి రైఫిల్ కొత్తది కొనడం మాట అటుంచి, వెతికి పట్టుకునే వ్యవధి కూడా లేదు. బాబాయి మర్నాడే సెలవు పెట్టాడు. పాత చెక్కలోంచి గొట్టాన్ని మరలు విప్పి తీశాడు. ఎక్కడిదో మందపాటి శీశమ్ చెక్క, రోజ్‌వుడ్ జాతిది, తెచ్చి వరండాలో బల్లమీద పెట్టాడు. నల్లటి చారలతో, తేనె రంగులో. "ఎక్కడిది బాబాయ్?" అంటే, "టాల్లో తుక్కులో దొరికింది" అన్నాడు. నాకు కలప గురించి ఏం తెలుసు, నమ్మేశాను. పన్నెండు రోజులు చెక్కాడు. ఈసారి పొద్దున్నే నన్ను నిలబెట్టి, ముందు ఒక్క గాటు కూడా పెట్టకుండా, నా తల ఎక్కడ నిలుస్తుందో చూసేవాడు. తల నిటారుగా నిలిచింది. నా ఎడమ చెంపకి ఆ చెక్క తగిలినప్పుడు, ఎవరో ఎన్నాళ్ళ నుంచో నా కోసం ఖాళీగా ఉంచిన చోట కూర్చున్నట్టనిపించింది. గుండు ఎక్కించే బోల్ట్ మాత్రం కుడివైపే ఉంది. ఎడం చేతిని గొట్టం మీదుగా అవతలికి చాచి లాగాలి. "అదొక్కటీ నువ్వు సర్దుకో" అన్నాడు.

చివరిరోజు నాన్న వర్క్‌షాప్ నుంచి వస్తూ చిన్న సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. అవిసె నూనె. "శీశమ్‌కి ఇది పడితే మెరుస్తుంది" అని బాబాయితో అన్నాడు, నాతో కాదు. ఆ నూనె ముగ్గురం కలిసి రాశాం.

ఎంపిక పోటీలో చిట్టచివరి స్థానంలో నా పేరు వచ్చింది. చివరిదైతేనేం! రాష్ట్రం జట్టు కోటు తొడుక్కుని కాలనీకి వస్తే అమ్మ నా ఎడమ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

బాబాయి రిటైరయ్యాక బొబ్బిలి దగ్గర తన పల్లెలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి వెళ్ళాను. వీధి గుమ్మానికి రెండు రెక్కల తలుపు. ఒక రెక్క శీశమ్, నల్లటి చారలతో, తేనె రంగులో. రెండో రెక్క మామిడి చెక్క, పాలిపోయి. పేరంటాళ్ళు నన్ను దాటుకుని లోపలికి పోతున్నారు. నేను ఆ శీశమ్ రెక్క మీద చెయ్యి పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఆ చారలు నా చెంపకు తెలుసు. సొంతింటి తలుపుకని బాబాయి ఇరవై ఏళ్ళు మంచం కింద దాచుకున్నాడని అమ్మ ఎప్పుడో చెప్పిన జత చెక్కల్లో ఒకటి నా భుజాన ఉంది.

"ఏటలగ సూస్తన్నావు?" అన్నాడు బాబాయి లోపల్నించి. "మామిడిది మాత్రం తలుపు కాదేటి? రా, పాయసం సల్లారిపోతాది."

బాబాయి పోయి మూడేళ్ళయింది. నేనిప్పుడు ఆదివారాలు రేంజిలో కొత్తవాళ్ళకు నేర్పుతాను. ఏ రైఫిల్ కొనమంటారు మేడమ్, ఎంతవుతుంది మేడమ్ అని వచ్చీ రాగానే అడుగుతారు. పెట్టెలోంచి జానెడు శీశమ్ పట్టీ తీసి వాళ్ళ చేతిలో పెడతాను. నా రైఫిల్ చెక్కగా మిగిలిన ముక్క అది. వంకర ఉందేమో చూడమంటాను. వాళ్ళు దాన్ని చూస్తారు, నేను వాళ్ళ కళ్ళు చూస్తాను. నిన్న ఒక పిల్ల కుడిచేత్తో పట్టీ అందుకుని, ఎత్తి, తెలియకుండానే కుడికన్ను మూసింది.

"మళ్ళీ చూడమ్మా" అన్నాను.