దేవుడి గూట్లో మొదటి పీసు

కోవిల్పట్టిలో మా వర్క్‌షాపు అంతకు ముందు అగ్గిపెట్టెలు చేసే కొట్టం. గోడలకు మందు వాసన పట్టి ఉండేది. వాన పడిన రోజు అది మళ్ళీ లేచేది. తొంభైల చివర్లో ఆ కొట్టంలోకి కోయంబత్తూరు నుంచి లారీలో ఒక మిల్లింగ్ మెషిన్ వచ్చింది. ఒకరు వాడి అమ్మేసినదే, అయినా దానికి కంట్రోల్ ఉంది. చిన్న టీవీలాంటి ఆకుపచ్చ తెర, దాని కింద అక్షరాలూ అంకెలూ ఉన్న మీటలు. ఇనుప దిమ్మను బల్ల మీద బిగించి, కట్టర్ ఎటు పోవాలో, ఎంత లోతు దిగాలో ఆ మీటలతో వరుసగా రాసిపెడితే, రాసినట్టే చెక్కుకుంటూ పోతుంది. ఆ రాతనే ప్రోగ్రామ్ అంటారు.

మెషిన్ కొన్నది మా బావ, అంటే మా ఆయనకు అన్న. నడిపింది మా ఆయన. ప్రోగ్రాములు మీటలు నొక్కి ఎక్కించింది నేను.

నేను బడికి పోయిన దాన్ని కాదు. ఎట్టయాపురం దాపున మా పల్లెలో, పత్తి తూచే కాటా పక్కన కూర్చోబెట్టి మా నాన్నే లెక్కలు నేర్పాడు. తెలుగు అక్షరాలు అవ్వ నేర్పింది, తన పూజ పుస్తకం ముందు పెట్టుకుని. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఆ మెషిన్ మీటల మీదే నేర్చుకున్నాను. కంట్రోల్‌లో యాభై అని కొట్టి దాని పక్కన చుక్క పెట్టకపోతే, యాభై మిల్లీమీటర్లు కాస్తా వెంట్రుక మందం అయిపోతుంది. తూకం దగ్గర చుక్క ఎంత బరువైనదో నాన్న చిన్నప్పుడే చెప్పి ఉన్నాడు. ప్రోగ్రామ్ మొదలుపెట్టే ముందు నేను దండం పెట్టుకునేది దేవుడికే అయినా, అందులో సగం నాన్నకు పోయేది.

మా ఆయన అంతకు ముందు ఆలంగుళం వైపు సున్నపురాయి గనిలో కూలికి పోయేవాడు. పొద్దున లేస్తే దగ్గు, అన్నం ముందు దగ్గు. తువ్వాలు దులిపితే తెల్లటి పొడి రాలేది. బావ పిలిచి మెషిన్ దగ్గర నిలబెట్టిన కొన్ని నెలలకు ఒకరోజు ఆయన లేచి, ముఖం కడుక్కుని, ఒక్కసారి కూడా దగ్గకుండా కాఫీ తాగాడు. నేను లోపలికి పోయి దీపంలో కొంచెం ఎక్కువ నూనె పోశాను.

పని ఇట్లా సాగేది. ఎవరో అరిగిపోయిన భాగం ఒకటి తెచ్చి, ఇలాంటిది చేసిపెట్టమంటారు. ఆయన దాన్ని కొలిచి చెబుతాడు, నేను కంట్రోల్‌లో కొత్త నంబరు తెరిచి ఒక్కొక్క వరుస కొట్టి దాచిపెడతాను. పని అయ్యాక ఆ నమూనా ఎవరిది వాళ్ళకు తిరిగి పోయేది. కాగితం మీద ఏమీ మిగిలేది కాదు. దిద్దుబాట్లు కూడా తెర మీదే. మెషిన్‌కు గుర్తుంటుంది కదా అన్న ధీమా.

రాసినదాన్ని తిన్నగా ఇనుము మీద నడిపేవాళ్ళం కాదు. ఎక్కడో ఒక అంకె తప్పితే కట్టర్ పోయి బిగింపు మీద పడుతుంది. ముందు కట్టర్‌ను ఎత్తి ఉంచి గాలిలో తిప్పేవాళ్ళం, ఒక వరుస అయ్యాక ఆపి, మళ్ళీ మీట నొక్కి ఇంకో వరుస. ఆ తర్వాత మైనం. అగ్గిపుల్లల కొనలు ముంచే తెల్ల మైనం మా ఊళ్ళో ఏ వీధిలో అడిగినా దొరుకుతుంది. పొయ్యి మీద పెట్టి నేనే పాత డబ్బాలో కరిగించి దిమ్మగా పోసేదాన్ని. తప్పు వస్తే మళ్ళీ కరిగించి మళ్ళీ పోయడమే. తప్పును అంత సులభంగా మన్నించే వస్తువును నేను ఇంకొకటి చూడలేదు.

మైనం మీద సరిగ్గా వస్తే అప్పుడు ఇనుము. ఆ ప్రోగ్రామ్‌తో వచ్చిన మొదటి పీసు అమ్మకానికి పోదు. అది మా అత్త కట్టడి. వర్క్‌షాపు గోడలో దేవుడి గూడు ఉంది. మొదటి పీసుకు పసుపు, కుంకుమ పెట్టి అత్త ఆ గూట్లో పెట్టేది. ప్రతి శుక్రవారం అన్నింటినీ దించి, నువ్వుల నూనె గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టేది.

"మంచి పీసును ఆడ పెట్టేది ఏంటికిమ్మా? అమ్మితే పోతుంది కదా," అని బావ మొదట్లో సణిగేవాడు.

"కొత్త బర్రె పాలు మొదట పుట్టకు పొయ్యలే? ఇదీ అట్లనే. నోరు మూసుకోని పని చూడు పెద్దోడా."

కొన్నాళ్ళకు బావ సణగడం మానేశాడు. పైగా ఏ పీసు దేవుడికో తనే ఎంచి అమ్మ చేతికి ఇచ్చేవాడు. పెద్దోడికి భక్తి కుదిరిందని అత్త ఊరంతా చెప్పుకుంది.

ఆ ఏడు ఆయుధపూజ ముందు తెర మూలలో ఒక గుర్తు మినుకుతూ ఉండేది. బ్యాటరీ అయిపోతున్నదని దాని అర్థం. మా ఆయన కొత్తవి కొని తెచ్చాడు. మంచి వస్తువు, మంచి రోజు చూసి వేద్దామన్నాడు. పూజ పూట మెషిన్‌కు విశ్రాంతి, మెయిన్ స్విచ్ కట్టేయాలి, అది కూడా అత్త కట్టడే. కరెంటు ఆపి, కంట్రోల్ డబ్బా తలుపు తీసి, ఆయన పాత బ్యాటరీలు లాగేసి, లోపలి దుమ్మంతా కుంచెతో శుభ్రంగా తుడిచాడు. కొత్తవాటికి బొట్టు పెట్టి, పానాలు, కొలతలు తీసే వెర్నియర్ పక్కన పూజ పళ్ళెంలో పెట్టాడు. మెషిన్‌కు రెండు వైపులా అరటి పిలకలు కట్టాం. గుగ్గిళ్ళు, బొరుగులు పంచాం. ఆ రాత్రంతా బ్యాటరీలు దేవుడి దగ్గరే ఉన్నాయి.

విజయదశమి పొద్దున వాటిని కళ్ళకు అద్దుకుని వేసి, గుమ్మడికాయ కొట్టి, మెయిన్ ఎక్కించాడు. తెర వెలిగింది. నేను ప్రోగ్రాముల వరుస తెరిచాను. ఒక్క నంబరు లేదు.

కోయంబత్తూరులో మెషిన్ అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ఆయన కోప్పడలేదు. "కరెంటు ఉన్నప్పుడే మార్చాలమ్మా. కరెంటూ బ్యాటరీ రెండూ లేకపోతే అది దేన్ని పట్టుకుని గుర్తుపెట్టుకుంటుంది?" అన్నాడు. మెషిన్ నడవడానికి కావలసిన దాని సొంత అంకెలు డబ్బా తలుపు లోపల అతికించిన కాగితం మీద ఉన్నాయి. ఓపికగా ఫోన్‌లో దగ్గరుండి అవన్నీ ఎక్కించాడు. ఆయన చల్లగా ఉండాలి. మెషిన్ లేచింది. కానీ మేము రాసుకున్న ప్రోగ్రాములు పోయినవి పోయినవే.

దీపావళి లోపల విరుదునగర్‌కు ఇవ్వాల్సిన పలకలు ఉన్నాయి. అక్కడ ఒకాయన అగ్గిపుల్లలను చట్రంలో పేర్చే మెషిన్లు కడతాడు. పుల్లల వరుసను పట్టుకునే ఇనుప పలక మేము చేసేవాళ్ళం. పలకలో పొడుగాటి గాడి, ఆ గాడిలో జారే పట్టీ ఒకటి.

బావ తలుపు దగ్గర నిలబడి తమ్ముడి వైపు చూడకుండా మాట్లాడాడు.

"విరుదునగర్ ఆయనకు ఈ సంగతి తెలిస్తే ఇంక మన మొగం చూడడు. దీపావళి లోపల పలకలు పొయ్యినాయా సరి. లేదంటే మెషిన్ అమ్మేస్తా. నువ్వు మళ్ళా గనికే పో తంబీ. రాళ్ళకు బ్యాటరీ లేదు."

మా ఆయన ఇంటికి వచ్చి, గని రోజుల పాత తువ్వాలు ఉందా అని నన్ను అడిగాడు. దాన్ని నేను మసిగుడ్డ చేసి చాలా రోజులైంది. అది లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, వెతుకుతానని చెప్పాను.

మర్నాడు శుక్రవారం. అత్త నూనె గుడ్డతో గూటి ముందు కూర్చుంది. ఆమె చేతిలో పలక మెరుస్తూ కనిపించింది. నమూనాలన్నీ వెళ్ళిపోయాయనుకున్నాం, ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక పీసు దేవుడి దగ్గరే ఉంది.

"అత్తా, దాన్ని ఒకసారి ఇస్తే కొలిచి మళ్ళా రాసుకుంటాం," అన్నాను.

ఆమె పలకను ఒళ్ళోకి లాక్కుంది. "సామికి ఇచ్చింది ఎట్ల తీసేది?"

"మీ చిన్నోడు గనికి పోతాడంట అత్తా."

ఆమె నూనె గుడ్డను మడిచి పక్కన పెట్టింది. తర్వాత కర్పూరం వెలిగించి, ఎవరో ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడింది. "ఇచ్చింది వెనక్కి అడగలే సామీ. చూసి ఇస్తాం. బిడ్డకు ఊపిరి ఆడాల." హారతి కళ్ళకు అద్దుకుని పలకను నా చేతిలో పెట్టింది. "కింద పెట్టొద్దు. పని అయినంక స్నానం చేయించి తెచ్చియ్యి."

దానికి చెంబు నీళ్ళు పోస్తే తుప్పు పడుతుందని మా ఆయన అంటే, "అయితే నూనె స్నానం," అంది.

ఆ నూనె వల్లనే గాడి మూలల్లో కూడా తుప్పు లేదు. కుంకుమ పేరుకున్న చోట మాత్రం వెర్నియర్ ఎక్కువ చూపింది, తుడిచి మళ్ళీ కొలిచాడు. ఆయన చెబుతుంటే నేను కొత్త నంబరు తెరిచి కొట్టాను, దాచాను, మొదటి నుంచి చదివి వినిపించాను. గాలిలో తిప్పాం. మైనం మీద చెక్కాం, దేవుడి పలకా మైనం పలకా పక్కపక్కన పెడితే కవలల్లా ఉన్నాయి. ఆ పొద్దు మా ఆయన ముఖంలో కొంచెం రంగు వచ్చింది.

ఇనుము బిగించాం, అత్తా బావా కూడా వచ్చి నిలబడ్డారు. పీసు చల్లారాక గాడిలో పట్టీ పెట్టి జార్చాడు. పట్టీ జారింది, కానీ అటూ ఇటూ ఊగింది. కంట్రోల్‌లో ప్రతి వరుసా మళ్ళీ చూశాను. నేను కొట్టినదాంట్లో తేడా లేదు, ఆయన కొలతలో తేడా లేదు. నాకు ఏమీ తోచక అదే పట్టీని దేవుడి పలకలో పెట్టి చూశాను. అందులోనూ ఊగింది.

"ఇది ఎట్లా సరిపోయిందని తీసుకున్నారు విరుదునగర్‌లో?" అని నేను అడిగాను.

మా ఆయన అన్న వైపు చూశాడు. అత్త కూడా చూసింది. బావ చొక్కా జేబులో ఏదో వెతుక్కున్నాడు, జేబులో ఏమీ లేదు.

"అది విరుదునగర్‌కు పోలే," అన్నాడు చివరికి. "కట్టర్ సరిగా కుదరక ముందు వచ్చిన పీసు. గాడి రవ్వంత ఎక్కువ. పారేసే బదులు..."

"పారేసే బదులు?" అంది అత్త.

"సామికి ఇచ్చినా. ఆయన పట్టీ జార్చి చూస్తాడా అనుకున్న్యా."

"అన్నీ అట్లనేనా?"

"అన్నీ కాదు. ఏది మంచిదో ఏది కాదో నాకే గుర్తు లేదు."

అత్త తిట్టలేదు. తిడితే బాగుండునని బావ ముఖం చూస్తే తెలుస్తోంది. ఆమె గూట్లోని పీసులను ఒక్కొక్కటీ చూసుకుంటూ, ప్రతి శుక్రవారం తను తుడిచినవి అవేనా అన్నట్టు, మెల్లగా అంది. "చిన్నోడు సామి మీద భక్తితో బ్యాటరీలు తీసినాడు. పెద్దోడు సామిని ఏమార్చి పెట్టినాడు. మీ ఇద్దరిలో గనికి పోవాల్సింది ఎవురో మీరే చెప్పుకోండి."

బావ చెప్పులు వేసుకుని బస్టాండుకు పోయాడు.

విరుదునగర్‌లో జరిగింది బావ చెప్పగా విన్నదే. దాచకుండా అంతా చెప్పేశాడట, గాడి సంగతి కూడా. అక్కడి ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడట. "మా ఆఫీసులో పోయిన ఏడు ఫ్యాక్స్ మెషిన్‌కే పసుపునీళ్ళు చల్లినారు. నేను ఎవరికి చెప్పుకునేది?" అన్నాడట. లోపలికి పోయి, మేము ఇచ్చిన పలకల్లో బాగా కుదిరినదాన్ని కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడట. మొగం చూడడని బావ భయపడిన మనిషి ఆయనే. మిగతా వాళ్ళ దగ్గరకు కూడా బావ అట్లాగే తిరిగి, ఒక్కొక్క పీసు అడిగి తెచ్చాడు.

మళ్ళీ మైనం కరిగించాను. ప్రోగ్రామ్‌లో గాడి అంకెలు దిద్ది, దాచి, గాలిలో, మైనం మీద, ఇనుము మీద నడిపాం. పట్టీ ఈసారి గాడిలో నీళ్ళలా పోయింది. బావ ఆ పలకను తీసుకుని, తనే పట్టీ జార్చి చూసి, వెలుగుకు పట్టి చూసి, తమ్ముడికి ఇచ్చాడు. "నువ్వే పెట్టు గూట్లో. నేను పెడితే అమ్మ నమ్మదు."

పలకలు దీపావళికి ముందే పోయాయి. గని మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అయినా బావ దాన్ని వెనక్కి తీసుకున్నానని చెప్పలేదు కనుక, నాకు లోపల ఒక ముల్లు ఉండిపోయింది.

మరుసటి ఏడు ఆయుధపూజకు మెషిన్‌కు కరెంటు కట్టేయాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చింది. అత్త ఆలోచించి, "నిద్రపొయ్యేవాడికి కూడా ఊపిరి ఆడాల కదా. ఉండనీ," అంది. పూజ అయింది. అరటి పిలకల మధ్య ఆకుపచ్చ తెర వెలుగుతూనే ఉంది. బావ పళ్ళెంలోంచి బొట్టు పెట్టిన కొత్త బ్యాటరీలు తీసి, అందరి ముందూ మా ఆయన వైపు చాచాడు.

"నువ్వే మార్చు తంబీ. ప్రతి ఏడూ నువ్వే."

మా ఆయన డబ్బా తలుపు తీశాడు. దగ్గు రాలేదు. ఆయన మార్చి తలుపు మూశాక నేను ప్రోగ్రాముల వరుస తెరిచాను. నంబర్లన్నీ ఉన్నాయి. అత్త అడిగిందని ఒక్కొక్కటీ చదివి వినిపించాను.