కృష్ణకమలం చాటున

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కొత్తగా పెళ్లయి డోన్‌కు కాపురానికి వచ్చాను. మా పెరట్లో స్నానాలకు చుట్టూ తడికలే ఉండేవి. వానాకాలంలో వాటి పక్కన పుట్టింటి నుంచి తెచ్చిన కృష్ణకమలం కొమ్మ నాటాను. నీళ్లకు కరువు కాబట్టి స్నానం నీళ్లే కాలువగా దాని మొదట్లోకి పోయేవి. ఎండాకాలానికి తీగ దట్టంగా అల్లుకుంది. లోపల తడికలను చెదలు తినేసినా, తీగే మరుగుగా ఉంది కదా అని ఎవరం పట్టించుకోలేదు.

ఒకరోజు తలకు పోసుకుంటుండగా మామగారి గొంతు వినిపించింది. తొలిపువ్వు చూపించడానికి స్నేహితులను వెంటబెట్టుకొచ్చారు. నా చీర వాళ్ల వెనక దండెం మీద ఉంది.

"ఇదో, చుట్టూ నూరుమంది కౌరవులు, నడుమ ఐదుగురు పాండవులు" అని పువ్వులోని కేసరాలను ఆయన చూపిస్తున్న వేలు నాకు మూరెడు దూరంలో ఉంది. ఊపిరి బిగబట్టి ముడుచుకు కూర్చున్నాను. అంతలో ఆకుల్లోంచి గొంగళిపురుగు భుజం మీద పడి మెడ వైపు పాకసాగింది. విదిలిస్తే తీగ కదులుతుంది, అరిస్తే పరువు పోతుంది. చేతిలో చెంబు ఒరిగి, ఒలికిన నీళ్లు కాలువలో పడి వాళ్ల కాళ్ల దగ్గరికి పారాయి.

"ఏమప్పా, ఈ ఎండల్లో నీళ్లు యాడనుంచి వస్తాండాయి?" అన్నాడొక స్నేహితుడు.

మామగారు చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నారు. "ఎండ శానా ఉండాది. లోపల మజ్జిగ తాగుదాం, రాండప్పా" అంటూ వాళ్లను తీసుకుపోయారు.

ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. కానీ అప్పట్నుంచి పెరటి గడప దాటేముందు గట్టిగా దగ్గడం మొదలుపెట్టారు. ఏమీ తెలియని మా ఆయన కంగారుపడి దగ్గుమందు తెచ్చారు. మామగారు కిమ్మనకుండా సీసా అంతా తాగి, మర్నాడు మళ్లీ గడప దగ్గర దగ్గారు.