గోడకెక్కిన తట్ట

పాతపట్నం సత్రం లోపల నీళ్ళ కుండ ఉండేది. ఆ కుండలోంచి గున్నమ్మ తన చేత్తో ఏనాడూ ముంచుకోలేదు. అరుగు చివర నిలబడి దోసిలి పడితే, ఎవరో ఒకరు ముక్కు మూసుకుని ఎత్తు నుంచి పోసేవారు. ఎండుచేపలమ్మే మనిషి కదా, కంపు! గున్నమ్మ తాగి, మూతి తుడుచుకుని, తట్ట దగ్గరికొచ్చి కూర్చునేది. నీళ్ళు దూరం నుంచి పోసినా కూర్చునే చోటు మిగిలింది కదా అని సరిపెట్టుకుంది.

ఆ సత్రం పూర్వం పూరీ వెళ్ళే బాటసారుల కోసం కట్టినది. తర్వాత సర్కారు కచేరీ అయింది, ఆపైన రేషన్ బియ్యం కొట్టయింది. లోపల ఎన్ని మారినా అరుగు మాత్రం మారలేదు. సంతరోజున సముద్రపొడ్డు నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళు అక్కడే ఎండు నెత్తళ్ళు పోసుకుని బేరం చేసేవారు. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. తట్ట పెట్టి వెళితే చోటు పట్టినట్టే. మనిషి జ్వరాన పడినా, పురిటికి పోయినా, ఆ ఖాళీ తట్టను జరిపే ధైర్యం ఎవరికీ లేదు.

పోయినేడు ఒక కంపెనీ సత్రాన్ని లీజుకు తీసుకుంది. సున్నాలేసి, దీపాలు పెట్టి, హెరిటేజ్ హోటల్ అన్నారు. మేనేజరు ధనరాజ్ ఒక సంతనాడు గున్నమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మా, నీ పాత తట్ట మా హోటల్లో పెట్టుకుంటాం. ఇస్తావా?"

"లోపలేనా బాబూ?"

"లోపలే. అందరికీ కనబడేలాగ."

డబ్బివ్వబోతే గున్నమ్మ చెయ్యి తోసేసి, తట్ట ఊరికే ఇచ్చింది. తిరుగు ఆటోలో తోటి బేరగత్తె నారాయణమ్మను డొక్కలో పొడిచి చెప్పింది గున్నమ్మ.

"ఓలమ్మా, మన సోటు నిలబడిపోనాది! ఆలే అడిగి నా తట్ట పెట్టించుకున్నారు."

"కంపు తట్ట ఆలకేటికే? నీకు బుర్రున్నాదేటి?"

"నీ తట్ట అడగనేదని కుళ్ళు నీకు!"

మరుసటి సంతకు వచ్చేసరికి అరుగు చుట్టూ ఇనుప కంచె. కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. గున్నమ్మకు నవ్వొచ్చింది. "ఒరే నాయనా, నా తట్ట లోపలున్నాది. మీ మేనేజరునడుగు, సెప్తాడు."

ధనరాజ్ బయటికొచ్చాడు. "అది షోకి మామ్మా. ఇక్కడ చేపలు పెడితే గెస్టులు వస్తారా?"

అతని భుజం మీదుగా చూసింది. కడిగి, వార్నిష్ పూసిన తన తట్ట గోడ మీద మెరుస్తోంది. దాని కింద ఎవరో ఫొటో దిగుతున్నారు.

"తట్టుంచుకుని మనిషిని గెంటీడం మాలో నేదు బాబూ," అని మాత్రం అంది.

ఇప్పుడు ఆ చేపలమ్మే ఆడవాళ్ళంతా రోడ్డుకవతల, మురుక్కాలవ పక్కన, ఎండలో కూర్చుంటున్నారు. ఎత్తు నుంచి నీళ్ళు పోసే చెయ్యి కూడా లేదక్కడ. నారాయణమ్మ దెప్పలేదు. తన గొడుగు సగం గున్నమ్మ వైపు వంచింది, అంతే.

పాత గోడలు నిలబడ్డాయని మనం మురిసిపోతున్నాం. ఎవరి కోసం నిలబెట్టారో అడగడం లేదు. మీ వీధిలో పాత భవనం కొత్త చేతుల్లోకి పోతుంటే, ముందు దాని అరుగు మీద ఎవరున్నారో చూడండి. వాళ్ళను వెంటబెట్టుకుని సోమవారం కలెక్టరు గ్రీవెన్సుకు వెళ్ళండి. వాళ్ళ చోటు వాళ్ళకు వదిలాకే తాళాలివ్వమని నిలదీయండి. గున్నమ్మ తట్ట ఒంటరిగా చోటు అడిగి ఓడిపోయింది. ఈసారి మనుషులు అడగాలి.