వసారా వద్దన్న షాపు

మా వాళ్లందరూ కొట్ల మీద బతికినవాళ్లే. బేరమాడకుండా అగ్గిపెట్టె కూడా కొనకూడదని నాకు గోరుముద్దలతో పాటు నేర్పారు. తొంభైల చివర్లో అనంతగిరి సంత పక్కన సొంతంగా కిరాణా పెడుతూ ఆ చదువంతా ప్రదర్శించాను.

గది ఓ కొండరైతు ఇల్లాలిది. ముందు పొడవాటి వసారా. ఆవిడ అద్దె చెప్పగానే అందుకున్నాను.

"గది సాలమ్మా. వసారా నాకెందుకు? దాని అద్దె తీసెయ్యి."

"మళ్లీ అడగవు కదా, సావుకారూ?"

"ఎందుకడుగుతాను?"

ఆవిడ నా గుమ్మానికి దారి మాత్రం వదిలి, వసారాకి తడిక కట్టి మేకల్ని తోలింది. ఎంత తగ్గించానో నాన్నకి గొప్పగా చెప్పాను.

"ఆర్నెల్లు సూత్తాను. నడవకపోతే వొచ్చి మన కొట్లో పొట్లాలు కట్టు" అన్నాడాయన.

సంతనాడు జనం నా ముందు నుంచే నడిచి, చివరనున్న పాత కొట్టుకి వెళ్లేవారు. ఉప్పు ధర తగ్గించాను. రేడియో పెట్టాను. మేకలు శ్రద్ధగా విన్నాయి.

చలికాలం వచ్చేసరికి గల్లాపెట్టెలో చిల్లర కూడా చల్లబడింది. ఓ సంతనాడు పని లేక, పాత కొట్టుకి ఎదురుగా టీ తాగుతూ కూర్చున్నాను. కొండ దిగిన ఆడవాళ్లు అల్లం, చింతపండు అమ్మేసుకుని, కొన్న కుండలూ బట్టలూ ఆ కొట్టు వసారాలో దించేసి, చేతులూపుకుంటూ సంతంతా తిరుగుతున్నారు. పొద్దు వాలాక మూటల కోసం తిరిగొచ్చి, ఉప్పూ ఎండుచేపలూ అక్కడే కొనుక్కుని కొండెక్కుతున్నారు. బరువైన సరుకు ఆఖర్న కొంటారు, మూట దించిన చోటే కొంటారు. నేనంత తెలివిగా బేరమాడి వదిలించుకున్నది ఆ చోటునే.

టీ సగంలో వదిలేసి ఇంటావిడ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, వసారా కావాలి."

"అడగనన్నావు."

"నా బుద్ధి గడ్డి తిన్నాది. ఏటివ్వాలో నువ్వే సెప్పు."

"బేరమాడవా?"

"ఆడను."

ఆవిడ వీధిలోకి కేకేసింది. "ఒలే, బేగి రండి! సావుకారు బేరమాడ్డంట, సూద్దురు!"

నలుగురి ముందూ చెప్పిన అద్దెకి తలూపాను. మేకలకి పెరట్లో పాక కూడా నేనే వేయించాను.

తర్వాతి సంతకి వసారా కడిగి కూర్చున్నాను. ఒకావిడ గంపతో మెట్టు దగ్గర ఆగింది.

"మేకల కంపు కొడతంది, బాబూ" అంది.

"రెండు సంతల్లో పోద్దమ్మా. దించు."

దించింది. సాయంత్రం దాకా ఆ ఒక్క గంపకీ నేనే కాపలా. వెళ్తూ ఉప్పు కొంది. పై సంతకి తన ఊరి ఆడవాళ్లని వెంటబెట్టుకొచ్చింది.

ఆర్నెల్లు దాటాక, పొట్లాలు కట్టడానికి నాన్న వేరే మనిషిని చూసుకున్నాడు.