ఇంటి బండి

మా బీరువాలో పట్టుచీరల కింద ఒక కీచెయిన్ ఉంది. తాళం లేదు, ఇత్తడి వినాయకుడి బొమ్మ ఉన్న వట్టి గొలుసు. ఐదేళ్లుగా దాన్ని పారేయలేను, బయటికి తీయలేను. అరచేతిలో ఇమిడే ముక్క అది. అయినా నేను మోస్తున్న బరువంతా అదే. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు కూడా ఇందులో సగమే తెలుసు.

మేముండేది కర్నూలులో. నాకు ఒక్కడే తమ్ముడు. డోన్ వైపు పోయే రోడ్డులో పాత కార్లు కొని అమ్మేవాడు. అంగడిలో పెట్టిన కారును జనం పది రకాలుగా అనుమానిస్తారు. అదే కారు ఒక సంసారి ఇంటి ముందు, ముగ్గు పక్కన నిలబడి ఉంటే అంతగా అనుమానించరు. అది కనిపెట్టి వాడు ఒక్కో కారును తెచ్చి మా గుమ్మం ముందు పెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో వాడుకున్న బండి, సొంతదారులే అమ్ముతున్నారని ఫోనులో ప్రకటన ఇచ్చేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్లకు నేను మజ్జిగ ఇచ్చి, ఇది మా కారే అని చెప్పాలి. కాగితాల్లో పేరు వేరే ఉందేమని అడిగితే, బెంగళూరులో ఉండే మా మరిది పేరు అనాలి.

తమ్ముడి కోసం చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమేనా? సగం నిజం. మిగతా సగం చెప్పడానికి సిగ్గేస్తోంది. మాకు ఎప్పుడూ కారు లేదు. ఆ వారం పది రోజులు ఎదురింటామె "మీ కారు బాగుందే" అంటుంటే నాకు బాగుండేది. పొద్దున్నే తడిగుడ్డతో అద్దాలు తుడిచేదాన్ని. తుడవమని నాకెవరూ చెప్పలేదు.

మూడోసారి వచ్చింది తెల్ల కారు. ఎక్కడో వరదలో మునిగిన బండి. ఆ సంగతి తమ్ముడు నా దగ్గర దాచలేదు. సీట్లు మార్చాడు, కొత్త రంగు కొట్టించాడు. తలుపు తీస్తే మాత్రం బురద వాసన వచ్చేది. "ఈ వాసనకు ఏమన్నా చెయ్యక్కా" అన్నాడు. మూడు రోజులు రెండు పూటలా లోపల సాంబ్రాణి పొగ వేశాను.

నాలుగో రోజు మైదుకూరు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు బస్సులో వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ట్రాక్టరు తోలిన అలవాటుతో కారు నడపడం కూడా వచ్చు. మా వీధి చివరి దాకా నడిపి చూసుకుని వచ్చి, మజ్జిగ తాగి, నా ఎదురుగా కూర్చున్నాడు. తమ్ముడు పక్కింటి అరుగు మీద పరాయివాడిలా ఫోను చూసుకుంటున్నాడు.

"లోపల వాసన బాగుండాదమ్మా, దేవుని గూడు మాదిరి," అన్నాడు. "ఎద్దును సంతలో కొనొద్దురా, ఇంట్లో పెరిగినదాన్ని కొనుక్కోమంటాండె మా నాయన. అందుకే అంగళ్ల తట్టు పోకుండా ఈడికొస్తి. ఒక్క మాట అడుగుతా, చెప్పు తల్లీ. ఇది ఎన్నడన్నా నడిదోవలో నిలబడిపోయిందా? మా ఆడమనిషికి కిడ్నీలు పోయినాయి. వారానికి రెండుతూర్లు కడపకు తీసకపోయి రక్తం కడిగియ్యాల. బస్సులో కూచోలేకుండా ఉండాది."

లేదు అంటే సరిపోయేది. తమ్ముడు నేర్పిన జవాబు అంతే. నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను.

"మా నాయనకు గుండెనొప్పి వచ్చినపొద్దు పల్లె నుంచి ఈడ ఆసుపత్రికి తెచ్చింది ఈ బండే అన్నా. యాడా ఆగలేదు. మా నాయన బతికి ఉండాడంటే దీని పుణ్యమే."

మా నాయన ఏ బండీ ఎక్కలేదు. కర్నూలుకు పడమటన ఉన్న మా పల్లెలో, జీపు కోసం పోయినవాళ్లు తిరిగి వచ్చేలోగా, మంచం మీదే పోయాడు. అరుగు మీద తమ్ముడు తలెత్తి నన్ను చూశాడు. వాడికీ నాయనే కదా. దొంగకు తేలు కుట్టినట్టు మళ్లీ తల దించుకున్నాడు.

ఆ మాట నా నోట్లోకి ఎక్కడినుంచి వచ్చింది? అలాంటి బండి ఒకటి ఆ రోజు మా వాకిట్లో ఉండి ఉంటే అని నేను ఎన్ని వందల సార్లు అనుకున్నానో, ఆ కోరికనే తీసి ఒక ముంపు కారును అమ్మడానికి వాడుకున్నాను.

ఆ రైతు కళ్లు తుడుచుకున్నాడు. అడిగిన డబ్బు ఇచ్చి తాళంచెవి తీసుకుని, దానికున్న కీచెయిన్ విప్పి నా చేతిలో పెట్టాడు. "ఎద్దును అమ్మినోళ్లు పలుపుతాడు ఇయ్యరు గదమ్మా. ఇంటి లక్ష్మి దాంతోపాటు పోతాదంటారు. ఇది మీకాడనే ఉండనీ." ఆ గొలుసు అసలు ఎవరిదో నాకు తెలియదు. అయినా చేయి చాచి తీసుకున్నాను.

నెల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు, బస్సులోనే. గొడవకు వచ్చాడనుకుని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన గొడవపడలేదు. బండి మూడుసార్లు దోవలో ఆగిపోయిందట. ఒకసారి భార్యను రోడ్డు పక్కన తువ్వాలు నీడన కూర్చోబెట్టి, వచ్చిన లారీని ఆపి ఎక్కించుకుపోయాడట. తప్పు తన చేతిదేమోనని ఆయన అనుమానం. ఏ బంకులో పోయించేవాళ్లు, ఏ నూనె వాడేవాళ్లు, ఎంత సేపు నడిపితే విశ్రాంతి ఇచ్చేవాళ్లు అని అడిగాడు. "ఇల్లు మారిన ఎద్దు కూడా కొన్నాళ్లు మొరాయిస్తాది గదా" అన్నాడు.

ఆ రోజు తమ్ముడు లేడు. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు. ఇంట్లో నేనూ ఆ రైతే. నిజం చెప్పడానికి అడ్డం ఎవరున్నారు? "అలవాటు పడుతుందిలే అన్నా" అన్నాను. మజ్జిగ కూడా ఇచ్చాను. మొదటి అబద్ధం తమ్ముడి కోసమని సర్దుకోవచ్చు. ఇది ఎవరి కోసం? నా మొహం నిలబెట్టుకోవడానికి, అంతే. ఏమన్నా గుర్తొస్తే చెప్పమని ఒక కాగితం మీద తన ఫోను నంబరు రాసిచ్చి పోయాడు.

తర్వాత మా గుమ్మం ముందు మరో కారు పెట్టనివ్వలేదు. మా ఆయన ఒప్పుకోవడం లేదని తమ్ముడితో చెప్పాను. అది కూడా అబద్ధమే.

పోయిన నెల ఆ నంబరుకు ఫోను చేశాను. నిజం చెప్పేద్దామనే చేశాను. గొంతు వినగానే గుర్తుపట్టాడు.

"మా ఆడమనిషి ఉండాది తల్లీ. బస్సుకే పోతాండాము, శానా కష్టంగా ఉండాది. బండా? కొట్టంలో ఉండాది, కదల్లేదు. అడిగినోళ్లు లేక కాదు. చెడిపోయినదాన్ని బాగుందని ఇంకొకరికి ఎట్ల అంటగట్టేది? పాత ఇనుముకు ఏద్దామంటే, మీ నాయన పానం నిలబెట్టిన బండి అంటివి. మనసొప్పలా."

నేను నోరు తెరిచేలోగా అడిగాడు: "నాయన బాగుండాడా?"

"బాగుండాడన్నా," అన్నాను.

ఫోను పెట్టేశాను. క్షమించమని ఆయన్నే అడగలేనిదాన్ని, మిమ్మల్ని అడగను. ఆయనతో అనలేకపోయిన మాట ఒక్కసారైనా ఎక్కడో అక్షరాల్లో ఉండాలని రాస్తున్నాను.

అన్నా, మా నాయన లేడు. ఆ బండి మాది కాదు.