జగన్నాధం మావయ్య ఎడమ చెవి

ఇద్దరు మనుషులూ ఒక వస్తువూ కనబడితే చాలు, మా జగన్నాధం మావయ్య అక్కడ సంత పెట్టేస్తాడు. ఆ సంతలో డబ్బుండదు, బేరముండదు. ఎవరికేం కావాలో వరసగా వచ్చి ఆయన చెవిలో రహస్యంగా చెప్పాలి. ఎవరికేది చేరాలో ఆయన తేలుస్తాడు. చిక్కేమిటంటే, ఆయన పెట్టే చెవి ఎడమది. దానికి సరిగ్గా వినబడదు. అందుకని రహస్యాలన్నీ వీధి చివరిదాకా వినిపిస్తాయి. కుడి చెవి బంగారంలా పనిచేస్తుంది. అదెందుకు పెట్టడో ఎవరికీ తెలియదు.

ఆయన ఎకనామిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. ఒకరోజు పెరట్లో బట్టలారేస్తున్న అత్తయ్య దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ధనలక్ష్మీ! మార్కెట్ డిజైన్ ఇప్పుడు ఎకనామిక్స్‌లో వేరే సబ్జెక్టు అయిపోనాదే! పెద్దపెద్దోళ్ళు ఒప్పీసుకున్నారు."

"వేరుపడిపోనాదా? ఆస్తేటి పంచీసినారు?"

"డబ్బుతో తేలని పంపకాలు తేల్సడమే దాని పని."

"డబ్బు నేకుండా సంతేటి, నా బొంద!"

నాకూ అర్థం కాలేదు. ఎమ్మే చదివినదాన్ని కదా అని తలూపాను.

ఓసారి ఆమదాలవలస స్టేషన్ బయట ఆటోలకీ ప్రయాణికులకీ కూడా సంత పెట్టాడు. ఎవరికెవరు కావాలో అందరూ ఆ చెవిలో అరిచి, జతలు కుదిరి వెళ్ళిపోయారు. మావయ్య ఒక్కడే ఆటో లేక మిగిలి, ఇంటికి నడిచొచ్చాడు. "సంత బెమ్మాండంగా కుదిరినాది" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మొన్న వేసవిలో ఆయన తల్లి, మా అమ్మమ్మ జగ్గమ్మ, "నా సామాన్లు నేనుండగానే పట్టుకెళ్ళండి" అంది. నాకు కావలసింది ఒక్కటే. పుస్తకం పెట్టుకునే ఆ పాత వ్యాసపీఠం. సెలవులకు వచ్చినప్పుడల్లా దానిమీద పురాణం పెట్టి అమ్మమ్మకు చదివేదాన్ని. కానీ మా ఇంట్లో ముందు అరిచినవాళ్ళదే వస్తువు. నాకు అడగడానికే గొంతు రాదు.

మావయ్య అరుగు మీద కూర్చుని ఎడమ చెవి పెట్టాడు.

"వ్యాసపీఠం!" మా పిన్ని కూతురు కుమారి అరిచింది. "ఫోను పెట్టుకుని వంటల వీడియోలు సూస్తాను. అది కాపోతే కాఫీ ఫిల్టరు!"

నేను వరసలో ఇంకో అడుగు వెనక్కి వేశాను.

"పీఠం నీదే. తాత్కాలికంగా."

"తాత్కాలికమేటి మావయ్యా? ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

"రెండూను."

కుమారి పీఠాన్ని పట్టుకుని అయోమయంగా నిలబడింది. నా వంతు వచ్చింది.

"నాకేదైనా పర్లేదు మావయ్యా."

"ఏదైనా అన్న సామాను ఈ ఇంట్లో నేదే తులసీ" అంటూ ఆయన మెల్లగా తల తిప్పి, కుడి చెవి పెట్టాడు.

నేను చెప్పింది నాకే వినబడలేదు. ఆయనకు వినబడింది.

"అమ్మా, ఆ పీఠం ఎవరికెళ్తే నీకిష్టం? సామాను సొంతదార్నీ అడగాల. సంత పద్ధతది."

"సదివీదానికి ఇవ్వరా, తులసికి! ముందే నన్నడిగితే పోను కదా, ఈ రొస్టంతా ఎందుకు?"

పీఠం నా ఒళ్ళోకి వచ్చింది. "వంట సేసీది ఎవులు గానీ, కాఫీయే నయం" అని కుమారి ఫిల్టరుతో వెళ్ళిపోయింది. మార్కెట్ డిజైన్ అంటే ఏమిటో నాకింకా అర్థం కాలేదు.

అత్తయ్య మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

"పెళ్ళైన కాడ్నుంచి నాకు ఆ ఎడమ సెవే పెడతన్నావు. మేనకోడలికైతే కుడి సెవేటి?"

మావయ్య ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పాడు.

"ఏటన్నావే?"