మంచం మీద మూడు రోజుల ట్రయల్

కుట్టుపెద్దమ్మ మొండిది. ఆ మొండితనానికి దండం పెట్టాలి. నలభై ఏళ్ళు వీధి గదిలో మిషను తొక్కింది. కొలతలు ఎంత బాగా తీసుకున్నా సరే, పొడుగు కుట్లతో తగిలించి, మనిషికి తొడిగి చూడనిదే అసలు కుట్టు వేసేది కాదు. ఎంత గొప్పవాళ్ళయినా ట్రయల్‌కు రావలసిందే.

డెబ్బై ఆరో ఏట ఆవిడకు ఒకటే పట్టుదల: కాలూ చెయ్యీ పడిపోయినా సరే, ఈ రెండు గదుల్లోనే ఉండాలి. "ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా? మా ఇంటికొచ్చెయ్" అని కూతురు పదేళ్ళుగా ప్రాణం తోడేస్తోంది. పెద్దమ్మ తిన్నగా లాయరు దగ్గరకు వెళ్ళింది. వీలునామా, తనకు వైద్యం ఎలా చేయించాలో చెప్పే కాగితం, తన బదులు కూతురు బ్యాంకు పనులు చూసుకునేలా అధికార పత్రం, అన్నీ రాయించింది.

"అంతా పక్కా పెద్దమ్మా," అన్నాడు లాయరు.

"తొడిగి చూడందే పక్కా అని నువ్వెలా అంటావయ్యా?"

ఇంకేముంది, కూతురితో పందెం వేసింది. మూడు రోజులు తను మంచం దిగదు, నోరు విప్పదు. ఆ కాగితాలతోనే కూతురు ఇల్లు నడపాలి. ఎక్కడైనా ఆగిపోయిందా, పెద్దమ్మ పెట్టె సర్దుకుని కూతురింటికి వెళ్ళిపోతుంది.

మొదటి రోజు, రోజు కూలికి కుదిరిన ఆయా వచ్చి ఒళ్ళు తుడిచింది, వేళకు మందులు వేసింది. పెద్దమ్మ లోలోపల తెగ మురిసిపోయింది. రెండో రోజు ఆయాకు కూలి డబ్బు తేవడానికి కూతురు బ్యాంకుకు వెళ్ళి, పందెం ప్రకారం తల్లికి మాటా తెలివీ లేవని చెప్పి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"నీకు తెలివి ఉన్నంతవరకే ఈ కాగితం చెల్లుతుందటమ్మా. మంచాన పడి తెలివి తప్పితే చెల్లదట. అసలు అప్పుడే కదా మనకి కావాల్సింది!"

మిషను సొరుగులో డబ్బులున్నాయి. ఒక్క మాట చెబితే గండం గట్టెక్కుతుంది. కానీ నిజంగా పడిపోయిన రోజున ఆ మాట చెప్పేదెవరు? పెద్దమ్మ పెదవులు బిగించుకుని పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. సాయంత్రానికి, డబ్బు అందని ఆయా సంచీ తీసుకుని, రేపటి నుంచి రానని చెప్పి వెళ్ళిపోయింది.

పెద్దమ్మ లేచి కూర్చుంది. "ఓడిపోయానే. మాటంటే మాటే. ఆ పెట్టె ఇలా తియ్యి."

తనే బట్టలు మడతపెట్టసాగింది. పదేళ్ళుగా కోరుకున్నది కూతురి చేతికందింది. తీరా చూస్తే తల్లి మడతలు ఆపి, మిషను మీద గుడ్డ కప్పింది. ఆ మిషను మీద గుడ్డ కప్పడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"పెట్టె సర్దకమ్మా," అంది. "నువ్వు మా ఇంట్లో ఉంటే నా భయం తగ్గుతుంది, అంతే. నీకేం కావాలో ఏనాడూ సరిగ్గా వినలేదు నేను."

అప్పటికప్పుడే లాయరుకు ఫోను చేసింది. "మా అమ్మకు తెలివి తప్పినా డబ్బు ఆగకుండా ఆవిడ ఖాతాలో నా పేరు కూడా చేర్పించండి సార్. బ్యాంకు వాళ్ళను ముందే ఒప్పించండి. పని అయ్యేదాకా మిమ్మల్ని వదిలిపెట్టను."

ఎవరి ముందూ కంటతడి పెట్టని పెద్దమ్మ, కూతురి భుజం మీద తల ఆనించి భోరుమంది.

"ఇన్నాళ్ళూ నాకు రోగమంటే భయం లేదే," అంది. "నువ్వంటేనే భయం."